నిర్విక్షేపఫలకము: సంధిరూపముల గతి

వ్రాతకు సాధనములైన వస్తువులు మాఱినప్పుడెల్ల వ్రాతయు గొంత మాఱుననుట వాఙ్మయచరిత్ర నెఱిగినవారికి గ్రొత్తమాట కాదు. తాటియాకు, కాగితము, అచ్చుపుట ఒక్కొక్కటియు తెలుగు గ్రంథముల యాకృతిని, పదవిభాగమును, కొన్నియెడల పాఠనిర్ణయమునుగూడ మార్చినవి. ఇప్పుడు పండితులును, బడిపంతుళ్లును, పత్రికలకు వ్యాసములు పంపువారిలో బెక్కురును కంప్యూటరు తెరమీదనే రచన సాగించుచున్నారు. కావున నా తెరయొక్క స్వభావమును విచారించుట సాహిత్యవిమర్శకు వెలియైన పని కాదు. ఇందు నేను విచారింపదలచినది తెరలోని యొక్క యమరికను మాత్రమే. వ్రాతపుట దప్ప మఱేమియు గానరాకుండ జేసి, రచయిత మనస్సు చెదరకుండ గాపాడునని చెప్పబడు నమరిక యది. దీనిని ఫుల్ స్క్రీన్ అనియు, ఫోకస్ అనియు వ్యవహరించుచున్నారు. సౌకర్యముకొఱకు నేను నిర్విక్షేపఫలకమనెదను.

దృష్టాంతములకై హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్లను దాటి పోను. బెంగుళూరునుండి గుంతకల్లునకు బోవు రైలుమార్గమున వరుసగా నున్న యీ యూళ్లు 2022 ఏప్రిలు 4 వఱకు అనంతపురము జిల్లాలోనివి. నాటినుండి శ్రీసత్యసాయి జిల్లాలోనివి. మొదటియూర రెండు భాషల పొత్తు, రెండవయూర నవధానవిద్య, మూడవయూర మగ్గము: ఈ మూడును ప్రస్తుతవిషయమునకు బనికివచ్చునవే.

అమరిక యెట్టిదో మొదట చెప్పవలెను. వ్రాతకు వాడు ప్రోగ్రాములలో పుటకు బైన ఆజ్ఞల పట్టెలును, క్రింద పుటసంఖ్య, పదసంఖ్య దెలుపు పట్టెయు నుండును. లిబ్రె ఆఫీసులో కంట్రోల్, షిఫ్ట్ మీటలతో గూడ జె మీటను నొక్కినయెడల నా పట్టెలు తొలగి పుట తెరనంతయు నాక్రమించును. మరల నవే మీటలు నొక్కిన యథాస్థితి గలుగును. మైక్రోసాఫ్ట్ వర్డుయొక్క యిటీవలి రూపములలో వ్యూ అను శీర్షికక్రింద ఫోకస్ అని యున్నది; ఎస్కేప్ మీటతో దానినుండి వెలికి రావచ్చును. ఈ యొక్క ప్రయోజనమునకే పుట్టిన ప్రోగ్రాములును గలవు. 2006 లో మాకింతోషు కంప్యూటర్లకు వెలువడిన రైట్‌రూమ్ అట్టివానిలో బేరుగన్నది. నల్లని తెర, పచ్చని యక్షరములు, అంతియే. ఉచితముగా లభించు ఫోకస్‌రైటర్ ఆ జాతిలోనిదే. తెలుగున కొక్క జాగ్రత్త వలయును. మన లిపిలో గుళ్లు, ఏత్వములు పైకిని, ఒత్తులు క్రిందికిని బోవును. ఇంగ్లీషునకు సరిపడు పంక్తుల యెడము మనకు జాలదు. ఒకటిన్నర యెడము పెట్టినయెడల పైపంక్తి యొత్తులును క్రిందిపంక్తి గుళ్లును నొరసికొనినట్లుండవు, కంటికి సుఖము.

ఈ యమరికను మెచ్చువారి వాదమిది. రచయిత కెదుట నున్న ప్రతిబొమ్మయు నొక యాహ్వానము. అక్షరము రంగు మార్చుమని యొకటి, పట్టిక గీయుమని యొకటి, అచ్చు తీయుమని యొకటి పిలుచుచుండగా మనస్సు వాక్యమున నిలువదు. పిలుపులు మానిన మనస్సు నిలుచును. ఈ పూర్వపక్షము తోసిపుచ్చదగినది కాదు. ఐనను, యోగసూత్రములలో చిత్తవిక్షేపములని లెక్కింపబడిన తొమ్మిదింటిని పరికింతుము: వ్యాధి, స్త్యానము, సంశయము, ప్రమాదము, ఆలస్యము, అవిరతి, భ్రాంతిదర్శనము, అలబ్ధభూమికత్వము, అనవస్థితత్వము. వీనిలో నొక్కటియు కంటి కెదుటనున్న వస్తువు కాదు. అన్నియు సాధకునియందే పుట్టునవి. (యోగసూత్రకారుడును మహాభాష్యకారుడును నొక్కడే యని మనలో నొక ప్రసిద్ధి గలదు. చరిత్రకారులు దానిని సందేహించినను, వ్యాకరణము చదివినవారికి ప్రియమైన ప్రసిద్ధియే.) కావున వెలుపలి వస్తువును దాచినమాత్రమున విక్షేపము తొలగునా యను ప్రశ్నకు, ఆ వస్తువు లోపలి యే యంతరాయమును రేపుచున్నదో చూచి సమాధానము చెప్పవలెను. ఆజ్ఞల పట్టె రేపునది యవిరతి, అనవస్థితత్వము. దానిని ఫలకము దాచుచున్నది, మేలు. సంశయమును రేపు వస్తువు వేఱొకటి యున్నది. దానిని ఫలకము దాచదు.

అది పదములక్రింద బడు నెఱ్ఱగీత.

వ్రాయుచుండగనే ప్రతిపదమును దనలోని పట్టికతో సరిచూచి, పట్టికలో లేనిదానిక్రింద మెలికలుగా నెఱ్ఱని గీత గీయుట యీ ప్రోగ్రాములకు వాడుక. తెలుగుపట్టిక యుంచబడిన కంప్యూటరునందు తెలుగునకును గీత పడును. ఈ సరిచూచుటలో పదమనగా నేమి? రెండు ఖాళీల నడుమ నున్నది పదము. పాణినికి సుబంతమును తిఙంతమును పదము. ఈ యంత్రమునకు ఖాళీయే ప్రత్యయము! శాకల్యుడు ఋగ్వేదమునకు పదపాఠము చేసినది సంహితలో బదములు విడివిడిగా లేకుండుటచేతనే. మన తాళపత్రములలోను పదముల నడుమ నెడము లేదు. అర్థము దెలిసినవాడే పదము విఱుచుకొని చదువును. తెలుగుపుటలో ఖాళీ స్థిరపడినది అచ్చుతోడనే. అనగా నీ యంత్రము నమ్ముకొన్న గుఱుతు భాషలోనిది కాదు, ముద్రణాలయములోనిది.

తాళపత్రమును దలచినప్పుడు మఱియొక్క విశేషము చెప్పుట యుచితము. గంటముతో గీసిన యక్షరము మసియో పసరో పూయువఱకు స్పష్టముగ గానరాదు. లేఖకుడు తన వ్రాతను దాను చూచుచు నడుగడుగునకును సంశయించుట కట అవకాశము తక్కువ. వాక్యము మనస్సులో సిద్ధమైన పిమ్మటనే యాకునకు దిగును. నిర్విక్షేపఫలకమును తాళపత్రమునకు బోల్పదలచినవారు పోల్పవచ్చును గాని, పోలిక యొక్కచో దప్పును. ఆకు తనమీద వ్రాసినదానికి మాఱు పలుకదు. తెర పలుకుచున్నది, ఎఱ్ఱగీతతో.

ఇక సంధివిషయము. ఏకపదమునందును, ధాతూపసర్గలయందును, సమాసమునందును సంహిత నిత్యమనియు, వాక్యమునందు వక్త యిచ్ఛననుసరించుననియు సంస్కృతవైయాకరణుల మర్యాద. తెలుగున చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఉత్వసంధిని నిత్యముగను, ఇత్వమున గొన్నింటికి వికల్పముగను, అత్వమునకు బహులముగను విధించినాడు. వాడు, ఎవడు అను రెండును గలసి వాడెవడు అగుట నిత్యము. ఏమి, అంటివి కలసి ఏమంటివి యనియు, ఏమియంటివి యనియు నగుట వికల్పము. మేనల్లుడు, మేనయల్లుడు రెండును సాధువులే. ఇంతటి సూక్ష్మవిభాగమును గీతయం దెవ్వరును వెదుకబోరు. కాని నిత్యమును, వికల్పమును, దోషమును నొక్క యెఱుపుతో గీయుట యెట్టి తీర్పు? ద్రుతసంధి గతి మఱింత విచిత్రము. తెచ్చెను బుస్తకము అని వ్రాయుడు. తెచ్చెను పట్టికలో నుండవచ్చును. బుస్తకము మాత్ర మేపట్టికలోను నుండదు, ఉండనేరదు. ద్రుతముమీది పరుషము సరళమైనదని యెఱుగని యంత్రమున కది యర్థములేని యక్షరముల పోగు. చదువరికి బుస్తకమన్న శబ్దము వేఱుగా లేకపోవుటయే సంధి జరిగినదనుటకు సాక్ష్యము. ఒకరికి సాక్ష్యమైనది యింకొకరికి నేరమైనది.

ఇది గ్రాంథికము వ్రాయువారి గోడు మాత్రమే యని కొందఱు త్రోసివేయవచ్చును. అట్లు కాదు. వచ్చాడేమో, చెప్పిందేమిటంటే, ఎక్కడికెళ్లినా, అడిగారటగా: ఇవి నిన్నటి పత్రికలోని వాడుకభాషయే. వీనిలోను సంధి యున్నది. ఏ, ఓ, అట, గా అను నంటులున్నవి. ఇల్లు అను నొక్కమాటనుండి ఇంటిలోనిదేననియు అను రూపమువఱకు నెన్ని మెట్లు గలవో లెక్కించినచో పట్టికకు అంతుండదని తేలును. ప్రతిమెట్టును సూత్రముచే సిద్ధించునది, జాబితాచే గాదు. ఇంగ్లీషునకు జాబితా చాలునేమో. తెలుగునకు సూత్రము వలయును.

గీత పడకుండుటయు బ్రమాణము కాదు. కాలమని వ్రాయబోయి కలమని వ్రాసినవానికి యంత్ర మేమియు జెప్పదు. కలము పట్టికలోనిదే గదా. నిర్దోషమునకు శిక్ష, దోషమునకు మౌనము. ఇట్టి పరీక్షకుని బడిలో నొక్కదినమైనను నిలుపుదుమా?

పరీక్షకుడనగానే నాకు దోచునది యవధానసభలోని నిషిద్ధాక్షరి. వాగ్విషయమున నేకాగ్రతను పరీక్షకు బెట్టిన విద్య తెలుగువారి కున్నది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును (1870–1950) ఊరూర దిరిగి దాని నాంధ్రదేశమున వ్యాపింపజేసిరి. పెనుకొండలో నివసించి, 2021 లో పద్మశ్రీ గౌరవము నందిన ఆశావాది ప్రకాశరావుగారు (1944–2022) ఆ విద్యను మా సీమలో నిలిపినవారిలో ముఖ్యులు. అష్టావధానమున నంశముల కూర్పు సభనుబట్టి కొంత మాఱినను, అప్రస్తుతప్రసంగము సాధారణముగా నుండును. అవధాని పద్యమును గట్టుచుండగా నడుమ నడుమ సంబంధములేని ప్రశ్నలు వేసి యాతని ధ్యాసను జెదరగొట్టుటయే యా పృచ్ఛకుని పని. అనగా విక్షేపమునకు మనవారు సభలో నొక పీట వేసి, తాంబూలమిచ్చి కూర్చుండబెట్టిరి! ఫలకమును గల్పించినవారు విక్షేపమును గది వెలుపలికి బంపుచున్నారు. మార్గములు భిన్నములు. ప్రతిరచయితయు నవధాని కానక్కఱలేదు గనుక రెండవ మార్గమును నేను నిందింపను.

నిషిద్ధాక్షరి సంగతి వేఱు. అవధాని యొక్కొక్క యక్షరము చెప్పుచుండగా, తరువాత రాగల యక్షరము నూహించి పృచ్ఛకుడు దానిని నిషేధించును. నిషేధించుటకు ఆతడు భాష నెఱిగియుండవలెను, ఛందస్సు నెఱిగియుండవలెను, అవధాని మనసులోని పదమును బసిగట్టవలెను. ఆ నిషేధము కవికి గౌరవము. దానిచే గ్రొత్తపదము పుట్టును. ఎఱ్ఱగీతయు నిషిద్ధాక్షరియే, కాని భాష తెలియని నిషిద్ధాక్షరి. పదము పుట్టకముందు అడ్డగింపదు. పుట్టినపిదప వేలు చూపును. పృచ్ఛకునితో నవధాని వాదింపవచ్చును, సభ తీర్పు చెప్పవచ్చును. గీతతో వాదించుట యెట్లు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఫలకము నమర్చినప్పుడు ఆజ్ఞల పట్టెలు పోయినవి, బొమ్మలు పోయినవి, గడియారముకూడ పోయినది. తెల్లని పుటమీద నల్లని యక్షరములు మిగిలినవి. ఆ నలుపు తెలుపుల నడుమ రంగుగలది యిక నొక్కటే, ఎఱ్ఱగీత. పదివస్తువులలో నొకటిగా నుండినప్పుడు దానిని గన్ను సరకుచేయకపోవచ్చును. ఏకాంతమున నది రాజ్యమేలును. విక్షేపములను దొలగించు నమరికయే యొక్క విక్షేపమునకు బట్టము గట్టినట్లైనది. నిర్విక్షేపఫలకమున కిదియే నేను జూపు దోషము. ఇంగ్లీషు వ్రాయువానికి గీత యరుదుగా బడును గనుక నా లోపము వానికి దెలియదు. సంధిబద్ధమైన తెలుగు వ్రాయువానికి పంక్తికి రెండుమూడు బడినను నాశ్చర్యము లేదు.

దీని ఫలితము పండితులకన్న బాలురమీద నెక్కువ. ఒక విద్యార్థి రైతులానందించిరి అని వ్రాసె ననుకొందము. గీత పడినది. రైతులు, ఆనందించిరి అని విడదీసినాడు. రెండును పట్టికలో నున్నవేని గీత మాయమగును. తాను దప్పు దిద్దుకొంటినని వాడు సంతసించును. నాలుగేండ్లిట్లు జరిగిన పిమ్మట వానికి సంధి యనగా వ్యాకరణపరీక్షలో విడదీసి మార్కులు దెచ్చుకొనునదియే గాని, నోటను చేతను జరుగునది కాదని తోచదా? వచనమున సంధి పాటింపవలెనా వలదా యన్న చర్చ మనకు గ్రొత్తది కాదు. గ్రాంథికవ్యావహారికవాదములు సాగిన దినములలో, 1911 లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పక్షమువారును, గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమువారును పత్రికలలోను సభలలోను ప్రయోగములు చూపి హోరాహోరిగ వాదించుకొనిరి. విసంధిని గోరినవారు హేతువు చెప్పిరి, కాదన్నవారు హేతువు చెప్పిరి. నేడు విసంధికి జయము గలుగుచున్నది. హేతువు చెప్పినవాడు లేడు. పట్టికను గూర్చిన యే యుద్యోగియు తెలుగుసంధిని నిషేధింపదలచి యుండడు. తలపకుండగనే నిషేధము జరిగిపోవుచున్నది.

ఫలకము దాచరానివానిని గూడ దాచుట రెండవ దోషము. హిందూపురము కన్నడసీమకు గుమ్మమువంటిది. అటు కన్నడమును, ఇటు తెలుగును వ్రాయువారట గలరు. వారి కంప్యూటర్లలో తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడు కీబోర్డులును నుండును. ఏది నడచుచున్నదో తెరయడుగున మూలనుండు చిన్నగుఱుతు తెలుపును. ఫలకము వచ్చినతోడనే విండోసునందు ఆ గుఱుతు మఱుగగును. ఇంగ్లీషక్షరము పడినచో వెంటనే తెలియును. కన్నడ తెలుగులిపులు తోబుట్టువులు. కా, గా, రా వంటివి తలకట్టు తేడాతో నించుమించు నొక్కతీరున నుండును గావున, వేగముగ వ్రాయువాడు సగము పంక్తి నడచువఱకు పొరపాటు గుర్తింపడు. ఇట్టివారికి నేను జెప్పునది: విండోసు మీటయు, స్పేసు మీటయు గూడ నొక్కి భాషను సరిచూచుకొన్న పిదపనే ఫలకములోనికి బొండు.

మూడవది పద్యరచనకు సంబంధించినది. ఫోకస్‌రైటరులో ప్రస్తుతము వ్రాయుచున్న పంక్తియో, మూడు పంక్తులో, ఒక పేరాయో తప్ప దక్కిన వ్రాతను మసకబార్చు సౌకర్యమున్నది. ధర్మవరము పట్టుమగ్గమును జూచినవారి కిది క్రొత్తగా దోపదు. నేసిన బట్ట ముందరి దూలమునకు జుట్టుకొనిపోవుచుండును. నేతగాని యెదుట నుండునది మూరెడు మాత్రమే. ఐనను చీర కొంగున బువ్వు తప్పదు. ఏలన? పువ్వు జకార్డు అట్టలలో ముందే రంధ్రములుగ గూర్పబడియున్నది. 1804 నాటి ఆ ఫ్రెంచి యంత్రపు టట్టలే తరువాత గణకయంత్రములకు దారి చూపినవి గనుక, ధర్మవరపు నేతగానికిని మన తెరకును దూరపు బంధుత్వము గలదనవచ్చును. కవికి మాత్రము అట్టలు లేవు. కందమునను, ఉత్పలమాల వంటి వృత్తములందును నాలుగు పాదములకును రెండవ యక్షరము ప్రాస. నాలుగవ పాదమును గట్టువానికి మొదటిపాదము కంటి కెదుట నుండవలెను, లేదా ధారణ యుండవలెను. పంక్తి తప్ప దక్కినది మసకబాఱినచో ప్రాస మఱుగునబడును. సీసము గీతముతో గూడ పండ్రెండు పంక్తులు పట్టును. పద్యము వ్రాయువారు పేరాను మసకనుండి మినహాయించు పద్ధతినే కోరుకొని, పద్యమంతయు నొక్క పేరాగా నుండునట్లు పంక్తులను షిఫ్ట్, ఎంటర్ మీటలతో విఱువవలెను. వచనము వ్రాయువారికి మూడు పంక్తులైనను జాలును.

మొదటి దోషమునకు బరిహారము సులభము. గీతను మాన్పిన పిదపనే ఫలకమును దెఱువవలెను. లిబ్రె ఆఫీసులో షిఫ్ట్ మీటతో ఎఫ్ 7 నొక్కిన చాలును. వర్డునందు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్ అను దారిని బోయి, వ్రాయుచుండగా వర్ణక్రమమును సరిచూచు నంశముయొక్క గుఱుతును దీసివేయవలెను. రచన ముగిసినపిదప ఎఫ్ 7 మాత్రమే నొక్కి యంత్రమును బిలిచి యది చెప్పునది వినవచ్చును. వేలు జాఱి పడిన యక్షరములను బట్టుటకు అది పనికివచ్చుననుటలో సందేహము లేదు. పరిష్కర్త రచన ముగిసినపిమ్మట రావలెను గాని రచయిత భుజముమీద గూర్చుండరాదు.

శాశ్వతమైన పరిహారము మాత్రము పట్టికను విడిచి సూత్రమును బట్టుట. సంస్కృతమున నది జరిగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున వెలసిన సంసాధనియు, ఫ్రెంచి పండితుడగు జెరార్ హ్యుయే నిర్మించిన సంస్కృతసాధనమును సంధిని విడదీసి పదములను జూపుచున్నవి. తెలుగు పదరూపములను విశ్లేషించు పనియు నా విశ్వవిద్యాలయమున జరిగినది. ఆ పరిశ్రమ మనము నిత్యము వాడు వ్రాతసాధనములలోనికి దిగివచ్చుటకు మనవంటివారు చేయదగినది యొకటి గలదు. ప్రోగ్రాము గట్టువారికి గావలసినవి యుదాహరణములు. ఒక్క నెల వ్రాతలో నిర్దోషములై యుండియు నెఱ్ఱగీత పడిన రూపములను విడిగా వ్రాసికొని, ఏ సంధిచే నేర్పడినవో బాలవ్యాకరణ పరిచ్ఛేదములనుబట్టి విభజించి, నిత్యములను, వైకల్పికములను వేఱుచేసి, ద్రుతసంధులను బ్రత్యేకముగ జూపి, వాడుకభాషలోని యంటులకు మఱియొక శీర్షిక పెట్టి, పరిషత్తునకు బంపుడని యుపాధ్యాయులను గోరుచున్నాను. నా పట్టికలో ద్రుతసంధులే యధికముగ నున్నవి. వాడుకభాష వ్రాయువారి పట్టికలో అట, ఏమో అను వానితోడి రూపము లధికముగ నుండునని యూహించుచున్నాను.